సైనిక్‌పురిలో లిథువేనియా గడ్డి హ్యాంగింగ్స్ క్లాసు: డెకరేషన్ చేసేవాళ్లకు గిట్టుబాటేనా?

పూలు వద్దనే కస్టమర్లు మాకు ఈమధ్య ఎక్కువయ్యారు. పసిపిల్లకు పడదంటారు, పెద్దాయనకు తుమ్ములంటారు, ఫంక్షన్ అయ్యాక ఆ చెత్తంతా ఎవరు ఎత్తాలంటారు. చాలాసార్లు అసలు కారణం రేటు. శ్రావణంలో తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లి చామంతుల ధర అడిగినవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. నేనూ మా తోడికోడలూ నాగోల్‌లో ఇంటి నుంచే చిన్న ఫంక్షన్లకు డెకరేషన్ చేస్తాం. సీమంతం, ఉయ్యాల, అన్నప్రాసన, హల్దీ వరకే. పెళ్లి మండపాలు పట్టుకోం. పూలు లేకుండా పైనుంచి వేలాడదీయాలంటే మా దగ్గర ఉన్నవి కాగితపు పూలు, గుడ్డ లాంతర్లు, రంగు దారాల కుచ్చులు. అందరి దగ్గరా అవే. ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది ఎవరి ఫంక్షనో మాకే తెలియదు.

హబ్సిగూడలో ఒక అమ్మమ్మగారు మనవరాలి ఉయ్యాల ఫంక్షన్ మాట్లాడటానికి పిలిచి ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. ఉయ్యాల పైన బంగారు రంగు పుల్లలతో కట్టిన ఒక పెద్ద ఆకారం, దాని మూలమూలకూ అలాంటివే చిన్నవి. "ఇది ఉత్త గడ్డేనంటమ్మా, మా అమ్మాయి వాళ్లుండే దేశంలో పిల్ల పుడితే కడతారంట. మీరు చేయగలరా?" అని అడిగారు. చేస్తామనే అన్నాం. కాదంటే ఆర్డర్ పోతుంది కదా. తర్వాత వెతికితే సైనిక్‌పురిలో ఒక మేడం ఇంట్లోనే ఇది నేర్పుతారని తెలిసింది. బోర్డు లేదు, క్లాసుకు ఒక పేరంటూ లేదు, వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి వెళ్లే నంబరు అంతే. అందుకని ఇక్కడ పేరు రాయడం లేదు. క్లాసు, దాంతోపాటు ఇచ్చే కిట్టు, అక్కడ అమ్మే రెడీమేడ్ పీసులు, మూడింటి గురించీ రాస్తున్నాను. ముఖ్యంగా మాలాంటి చిన్న డెకరేషన్ వాళ్ల కోసం.

ఆ దేశం లిథువేనియా. బాల్టిక్ సముద్రం ఒడ్డున, లాత్వియాకు పోలాండ్‌కు మధ్య ఉంటుంది. మొత్తం జనాభా ముప్పై లక్షల లోపే, మన హైదరాబాద్‌లో సగం కూడా ఉండరు. ఈ గడ్డి ఆకారాలను అక్కడ సోదై అంటారు, తోటలని అర్థం. పసిబిడ్డ ఉయ్యాల మీద, పెళ్లిలో కొత్త జంట కూర్చునే బల్ల మీద, క్రిస్మస్‌కు ఈస్టర్‌కు ఇంట్లో భోజనాల బల్ల మీద వేలాడదీస్తారు. సంతానం, పాడిపంట, ఇంటికి మంచి జరగాలని కోరిక. 2023 డిసెంబర్‌లో యునెస్కో వాళ్లు ఈ కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చారు. మన గుజరాత్ గర్బా చేరింది కూడా ఆ సమావేశంలోనే. చుట్టుపక్కల దేశాల్లోనూ దీని బంధువులున్నాయి. ఫిన్లాండ్‌లో హిమ్మెలి అంటారు, లాత్వియాలో పుజురి, పోలాండ్‌లో అయితే గడ్డికి రంగు కాగితాలు కూడా కలిపి పయోంకి అని చేస్తారు. బోనాలప్పుడు అమ్మవారికి పట్టుకెళ్లే తొట్టెలు, ఆ వెదురు పుల్లలూ రంగు కాగితాలూ, చిన్నప్పటి నుంచి చూసిన నాకు పోలాండ్ వాళ్ల ఫొటోలే ఎక్కువ దగ్గరగా అనిపించాయి. లిథువేనియా వాళ్లది మాత్రం రంగుల జోలికి పెద్దగా పోని పని. గడ్డి మెరుపే దానికి రంగు.

ఇక క్లాసు. ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం దాకా. ఫీజు 2,500 రూపాయలు, కిట్టు అందులోనే. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం ఇంట్లో చేసి పెట్టారు, బాగున్నాయి. మేడం భర్త ఉద్యోగం మీద లిథువేనియా రాజధాని విల్నియస్‌లో కొన్నేళ్లున్నారట, అక్కడ పక్కింటి ముసలావిడ దగ్గర నేర్చుకున్నానని చెప్పారు. మాతోపాటు ఒక సాఫ్ట్‌వేర్ జంట, ఇంటర్ చదివే అమ్మాయి వాళ్లమ్మతో, అల్వాల్ నుంచి ఒక రిటైరైన లెక్కల సార్ వచ్చారు. సాఫ్ట్‌వేర్ జంట మధ్యాహ్నానికే ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లు కట్టిన ఫీజులో కొంత మా పులిహోరకు కలిసొచ్చిందని అనుకున్నాం.

ఈ క్లాసులో డబ్బు విలువ చేసేది ఒకటే, గడ్డి పాఠం. మిగతాదంతా వీడియోలు చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. గడ్డి సంగతి మాత్రం చేత్తో పట్టుకుని, విరిచి, పాడుచేసి తెలుసుకోవాల్సిందే.

లిథువేనియాలో వాడేది రై అనే ధాన్యపు గడ్డి. మన పోపు డబ్బాలో ఆవాలను హిందీలో రాయ్ అంటారే, అది కాదు, గోధుమ కుటుంబానికి చెందిన పంట. చలిదేశాల్లో నల్లటి రొట్టె చేసుకునేది దీంతోనే. మనిషి ఎత్తుకు దగ్గరగా పెరుగుతుంది. కాడ పొడుగు కాబట్టి కణుపుకూ కణుపుకూ మధ్య దూరం ఎక్కువ. ఈ పనికి కావాల్సింది ఆ దూరమే. కణుపు దగ్గర కాడ లోపల మూసుకుపోయి ఉంటుంది, సూది దూరదు. కణుపులన్నీ కోసి పారేసి, మధ్యలో మిగిలిన బోలు గొట్టాలనే వాడాలి. అన్నిటికంటే పైన, కంకికీ మొదటి కణుపుకూ మధ్య ఉండే ముక్క అసలైనది. సన్నగా, పొడుగ్గా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ లావు పెరుగుతుంది, పొడవు తగ్గుతుంది.

మనకిక్కడ రై దొరకదు. మేడం ఇచ్చేది గోధుమ గడ్డి, ఉత్తరాది నుంచి తెప్పిస్తారు. ఆ సంగతి దాచకుండా మొదటే చెప్పారు, అది నాకు నచ్చింది. దీంట్లో ఒక చిక్కు ఉంది. హరిత విప్లవం నాటి నుంచి మన దేశంలో వేసే గోధుమలు ఎక్కువగా పొట్టి రకాలు. గాలికి పడిపోకుండా, ఎరువు వేసినా కాడ వంగకుండా ఉండాలని అలా తయారు చేశారు. గింజకు అది మంచిదే, మా పనికి మాత్రం కాదు. పుల్లలు పొట్టిగా వస్తాయి. దానికి తోడు పొలాల్లో ఇప్పుడు కోతంతా హార్వెస్టరే. మిషన్ కోసిన గడ్డి నలిగిపోయి, చీలిపోయి వస్తుంది. పశువులు తింటాయేమోగానీ హ్యాంగింగ్‌కు పనికిరాదు. కొడవలితో కోయించి, కట్టలు కట్టి, తడవకుండా పంపించే మనిషి దొరకాలి. మేడం కిట్టు రేటు ఎక్కువని ఫిర్యాదు చేసేవాళ్లు ఈ లెక్క చూడాలి. వచ్చిన గడ్డిలో సగం దాకా ఏరి పక్కన పడేయాల్సి వస్తుందని ఆవిడ అన్నప్పుడు నేను నమ్మలేదు. నాతోనే ఒక కట్ట ఏరించారు. నమ్మాను.

ఏరడం అంటే ఇలా. ముందు కాడ మీద అతుక్కున్న ఆకు తొడుగు ఒలిచేయాలి. కణుపులు తీసేయాలి. మచ్చలున్నవి, నొక్కుకుపోయినవి, వేలితో నొక్కితే టప్పున చీలేవి తీసేయాలి. మిగిలినవాటిని లావు ప్రకారం మూడు కుప్పలు చేయాలి. ఒకే ఆకారంలో లావు పుల్ల పక్కన సన్నపుల్ల పడితే, దూరం నుంచి చూసినా ఎక్కడో తేడా కొడుతుంది కానీ ఎక్కడో తెలియదు. ఈ కుప్పలు చేయడం దగ్గరే పొద్దున పూటంతా గడిచింది. ఇంటర్ అమ్మాయి విసుక్కుంది. నాకు మాత్రం అప్పుడే డబ్బులు వచ్చేసినట్టు అనిపించింది.

తర్వాత గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టడం. ఎండుగడ్డిని కత్తిరిస్తే నిలువునా చీలుతుంది, నానితే కత్తెరకు మెత్తగా లొంగుతుంది. పొరపాటున నీళ్లలోనే వదిలేస్తే రంగు మాసిపోతుంది, మెరుపు తగ్గుతుంది. నానిన పుల్లను స్కేలు పక్కన పెట్టి ఒకే కొలతకు కోయాలి. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకుంటాం, కట్టాక ఆకారం ఒక పక్కకు మెలి తిరుగుతుంది.

కట్టే ఆకారం ఒక్కటే, అదే చిన్నదీ పెద్దదీ. నాలుగు పుల్లల చదరం మధ్యలో, పైన ఒక శిఖరం, కింద ఒక శిఖరం. ఎనిమిది త్రికోణాలు, ఆరు మూలలు, పన్నెండు పుల్లలు. పుల్ల 15 సెంటీమీటర్లయితే కట్టాక ఎత్తు 21 వస్తుంది. ఆర్డర్ తీసుకునేటప్పుడు సీలింగ్ నుంచి ఎంత దిగుతుందో చెప్పడానికి ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. గమ్ము లేదు, తీగ లేదు, దారం ఒక్కటే, అయినా గట్టిగా నిలబడుతుంది. నాలుగు పుల్లలు చదరంగా కట్టి వేలితో నొక్కండి, పక్కకు వాలిపోతుంది. మూడు పుల్లలు కట్టండి, కదలదు. ఈ ఆకారంలో ప్రతి ముఖమూ త్రికోణమే కాబట్టి దారం మూలల్లో ఉన్నా మొత్తం బిగుసుకుంటుంది.

దారం ఎక్కించే వరుస దగ్గర మేడం బోధన కాస్త వెనకబడింది. చేతులు చకచకా వెళ్లిపోతున్నాయి, నోరు వెంబడి రావడం లేదు. "ఇలా తిప్పండి, మళ్లీ ఇటు, అంతే" అంటారు. ఆ "ఇటు" ఎటో మాకు అర్థం కాలేదు. ఆదుకున్నది లెక్కల సారే. ఒక కాగితం మీద గీసి చూపించారు. ప్రతి మూలలోనూ సరిగ్గా నాలుగు పుల్లలు కలుస్తాయి. దారం ఒక పుల్లలోంచి మూలకు వస్తే బయటికి వెళ్లడానికి ఎప్పుడూ ఇంకో పుల్ల మిగిలే ఉంటుంది. కాబట్టి ఒకే దారం, పన్నెండు పుల్లల్లోంచీ ఒక్కొక్కసారే వెళ్లి, బయల్దేరిన మూలకే తిరిగి వచ్చేస్తుంది. ఎక్కడా తెంచక్కర్లేదు, ఒకే పుల్లలో రెండుసార్లు దూర్చక్కర్లేదు. ఆరు పుల్లలతో కట్టే చిన్న పిరమిడ్‌కు ఆ సౌకర్యం లేదు, మూలకు మూడే పుల్లలు కాబట్టి రెండు పుల్లల్లో దారం రెండోసారి పోవాల్సిందే. "ఇది ఆయిలర్ లెక్కమ్మా" అన్నారాయన. కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్లో ఏడు వంతెనలుండేవట, ఒక్కో వంతెనా ఒక్కసారే దాటి ఊరంతా తిరగొచ్చా అన్న ప్రశ్నకు 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే ఆయన కుదరదని తేల్చాడట. ఆ ఊరు ఇప్పుడు కలినిన్‌గ్రాడ్, రష్యా చేతిలో ఉంది, దాని చుట్టూ ఉన్న ప్రాంతానికి లిథువేనియాతో సరిహద్దు ఉంది. మేడం నవ్వి, "అయితే వచ్చే క్లాసు మీరే చెప్పండి సార్" అన్నారు. నవ్వులాటకే అన్నా, నిజంగా పిలిపించుకుంటే క్లాసు ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. కనీసం ఆ కాగితం జిరాక్స్ తీసి కిట్టులో పెట్టండి మేడం. ఇప్పుడు పెట్టిన కరపత్రంలో ఫొటోలు మసకగా ఉన్నాయి, బాణం గుర్తులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

కిట్టులో దారం కూడా మార్చాలి. ఇచ్చింది పాలిస్టర్ దారం, నున్నగా జారుతుంది. సాయంత్రానికి వేసిన ముడులు రెండు మూడు వదులయ్యాయి. కాటన్ కుట్టు దారానికి కాస్త మైనం రాస్తే పట్టు ఉంటుంది, గడ్డి రంగులో కూడా దొరుకుతుంది. సూది పొట్టిది ఇచ్చారు, లోపల ఎక్కడో ఆగిపోతే బయటికి లాగలేం. పూలదండలు గుచ్చే పొడవాటి సూది నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి నాకు ఇబ్బంది కాలేదు, పక్కవాళ్లు దాన్ని వంతులవారీగా వాడుకున్నారు. దారం బిగించేటప్పుడు మరీ లాగితే పుల్ల అంచు చీలుతుంది, వదిలేస్తే మూలలో సందు కనిపిస్తుంది. ఈ బిగువు చెప్తే వచ్చేది కాదు, ఆ విషయంలో మేడంను అనను.

మాటల మధ్యలో ఆవిడ చెప్పే కబుర్లు మాత్రం క్లాసుకు రుచి. డిసెంబర్ 24 రాత్రి లిథువేనియాలో కూచోస్ అని భోజనం చేస్తారట. పన్నెండు రకాలు ఉండాలి, మాంసం ఉండకూడదు. బల్ల మీద గుడ్డ కింద ఎండుగడ్డి పరుస్తారు. భోజనాలయ్యాక ఒక్కొక్కరూ ఆ గడ్డిలోంచి పుల్ల లాగుతారు, పొడుగు పుల్ల వస్తే ఆయుష్షు ఎక్కువని. పన్నెండు వంటకాలు, పన్నెండు పుల్లలు అని ఇంటర్ అమ్మాయి వాళ్లమ్మ ముచ్చటపడ్డారు. రెంటికీ సంబంధం ఉందని మేడం అయితే అనలేదు, నేనూ అనను. ఆవిడ అక్కడి నుంచి తెచ్చుకున్న ఒక చిన్న సోదస్ (సోదైలో ఒక్కటైతే అలా అంటారు) గది మధ్యలో వేలాడుతోంది, రై గడ్డిది. దాని అడుగున గడ్డితోనే చేసిన పిట్టలున్నాయి. కిటికీ తెరవగానే నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. దాని పక్కన మా గోధుమ గడ్డి పీసులు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది, రై పుల్ల పొడుగు, రంగు కూడా కాస్త వెచ్చగా ఉంది. అయితే మన కస్టమర్లలో ఈ తేడా పట్టేవాళ్లు ఉంటారని నేననుకోను.

ఇంటికొచ్చాక వరిగడ్డితో చేసి చూశాం. జనగామ దగ్గర మా అమ్మవాళ్ల ఊళ్లో గడ్డికి కొదవ లేదు, ఊరికే వస్తుంది. అమ్మ కట్ట తెచ్చి ఇస్తూ, "గడ్డికి గూడ పైసలు గట్టి నేర్సుకున్నవా బిడ్డా?" అని ఒకటే నవ్వు. వరిగడ్డి ఈ పనికి రాదు. మెత్తన, గోడ పల్చన, దారం బిగిస్తే నొక్కుకుపోతుంది. చిన్న పీసులు రెండు మూడు నిలబడ్డాయి కానీ బరువు వేలాడదీస్తే కుంగిపోయాయి. వరికి దాని పని వేరే ఉంది, గుమ్మానికి పిచ్చుకల కోసం కట్టే కంకుల కుచ్చులు. సోదైతో పాటు అవి కూడా కలిపి కడితే అందంగా ఉంటుందని తోడికోడలు అంది, హబ్సిగూడలో అదే చేశాం.

ఇలాంటి ఆకారాలు కాగితపు స్ట్రాలతో కూడా కట్టి చూశాం. 2022 జూలైలో ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించాక కాగితపువి చవగ్గా దొరుకుతున్నాయి, అన్నీ ఒకే లావు, ఒకే పొడవు, ఏరే పని లేదు. నిజాయితీగా చెప్పాలంటే వేగం కావాలంటే ఇప్పటికీ అవే మేలు. కానీ ఫొటోలో కాగితం కాగితంలాగే పడుతుంది. గడ్డి మీద లైటు పడితే మెరుపు వేరు. హబ్సిగూడలో కెమెరా తెచ్చినవాళ్లందరూ ఉయ్యాల వదిలేసి పైకి తిప్పారు.

ఫంక్షన్‌లో అది ఎలా నిలబడిందో చెబుతాను, మాలాంటివాళ్లకు అసలు కావాల్సింది ఇదే. పెద్దది ఒకటి, దాని కింది మూలకూ నాలుగు పక్క మూలలకూ చిన్నవి ఐదు. మొత్తం డెబ్బై రెండు పుల్లలు. బరువు లేదు, నైలాన్ వైరుతో సీలింగ్ కొక్కేనికి కడితే సరిపోయింది. తెచ్చుకోవడమే పెద్ద టెన్షన్. అట్టపెట్టెలో పెట్టి మూత వేస్తే నలుగుతుంది, అందుకని పెట్టెకు అడ్డంగా ఒక కర్ర కట్టి దానికి వేలాడదీసి, కారు వెనక సీట్లో నేను ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ప్రతి గతుకుకూ తోడికోడలు నా మొహం చూసింది. ఆటోలో అయితే సాధ్యం కాదు. చిన్నవి విడిగా తెచ్చి అక్కడే ముడి వేయడం మంచిదని ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

ఏసీ గాలికి అది ఎంతో బాగా తిరుగుతుంది. ఫ్యాన్ కింద మాత్రం వద్దు, చిన్నవి ఒకదానికొకటి చిక్కుకుపోతాయి. పెడెస్టల్ ఫ్యాన్లు పెట్టే ఫంక్షన్ హాళ్లలో అసలు ఒప్పుకోకండి. ఉయ్యాల మీద కట్టేటప్పుడు పిల్ల చెయ్యికే కాదు, పిల్లను ఎత్తుకున్న పెద్దవాళ్ల తలకు కూడా అందనంత ఎత్తులో ఉండాలి. పేరంటానికి వచ్చిన ప్రతి పిన్నిగారూ అది నిజంగా గడ్డేనా అని ఒకసారి ముట్టుకుని చూస్తారు. హారతి, దీపాలు, హోమం ఉన్నచోట దీని పేరు ఎత్తవద్దు. ఎండిన గడ్డి, నిప్పు, ఇంకేం చెప్పాలి. మేడం క్లాసులో ఈ మాట ఒక్కసారి కూడా అనలేదు, వాళ్లు నేర్పేది ఇంట్లో అలంకారానికి కాబట్టి తట్టలేదేమో. డెకరేషన్ వాళ్లు వస్తున్నారు కాబట్టి ఇకనుంచి చెప్పాలి.

వర్షాకాలం ఇంకో సమస్య. గాలిలో తేమ ఎక్కితే పుల్ల మెత్తబడుతుంది, మూతబెట్టిన డబ్బాలో తేమతో ఉంచితే బూజు పడుతుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు దాచిపెట్టి వాటితో పాటు ఉంచుతున్నాం. పురుగు పట్టకుండా నాఫ్తలిన్ ఉండలు వేద్దామని మా అబ్బాయి అన్నాడు. పసిపిల్లల దగ్గర కట్టే వస్తువు, ఆ ఉండలు వాళ్లకు మంచివి కావు, వద్దన్నాను.

రేటు సంగతి. చిన్న ఆకారం ఒకటి కట్టడానికి, చేయి తిరిగాక, పది పదిహేను నిమిషాలు. పుల్లలు ఏరి, నానబెట్టి, కోసే పని అందులో కలపలేదు. ఆరు ఆకారాల పీసుకు అంతా కలిపి ఒక మనిషి రోజు కూలి పోతుంది. గడ్డి, దారం, రవాణా వేసుకుంటే కస్టమర్‌కు మూడు వేల లోపు ఇవ్వలేం. మూడు వేలంటే అదే గడ్డికా అంటారు. అందుకని మేము అద్దెకు ఇస్తున్నాం, ఫంక్షన్ అయ్యాక వెనక్కి తెచ్చుకుంటాం. హబ్సిగూడ అమ్మమ్మగారు మాత్రం కొనేసుకున్నారు, ఇంట్లో పూజగదికి దూరంగా కట్టుకోమని చెప్పి ఇచ్చాం. మేడం దగ్గర రెడీమేడ్ పీసులూ ఉన్నాయి, చిన్నవి 1,800 నుంచి మొదలు. పనితనం మాకంటే ఎంతో నయం, ఒక్క మూల దగ్గర కూడా దారం కనపడదు. ఒకటీ రెండూ కావాల్సినవాళ్లు నేర్చుకునే శ్రమ పడకుండా కొనుక్కోవడమే తెలివైన పని. వ్యాపారానికి పది కావాలంటే ఆవిడ సమయానికి ఇవ్వలేరు, ముందే చెబుతారు.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని కొందరు అడిగారు. పదేళ్లు దాటి, ఓపిగ్గా కూర్చునే పిల్లలైతే పర్వాలేదు. పొద్దున పూట ఏరడం దగ్గరే విసుగొస్తుంది వాళ్లకు. కూర్చునేది చాపల మీద, నడుము నొప్పి ఉన్నవాళ్లు కుర్చీ అడిగితే ఇస్తారు, కానీ అడగాలి. గదిలో వెలుతురు సాయంత్రం నాలుగు తర్వాత చాలదు, దారం ఎక్కించే అసలు పని అప్పుడే వస్తుంది. నేను ఫోన్ టార్చ్ పెట్టుకున్నాను. పార్కింగ్ వీధిలోనే, ఇబ్బంది లేదు. మెట్లు మాత్రం మూడంతస్తులు, లిఫ్ట్ లేదు.

క్లాసుకు అయిదులో నాలుగు ఇస్తాను, కిట్టుకు రెండున్నర. ఆ రెండున్నరా గడ్డికే, దారానికీ కరపత్రానికీ ఏమీ లేదు. రెడీమేడ్ పీసులకు అయిదూ ఇవ్వొచ్చు. దారం, సూది, కరపత్రం ఏవీ లేకుండా, ఏరి లావు ప్రకారం కట్టలు కట్టిన గడ్డి ఒక్కటే విడిగా అమ్మమని అడిగాను. రేటు కాస్త ఎక్కువైనా మాకు సమయం మిగులుతుంది. ఈసారి తెప్పించింది అయిపోవచ్చిందట. ఉత్తరాదిలో ఏప్రిల్‌లో గోధుమ కోతలు అయ్యాక కొత్త గడ్డి వస్తుంది, అప్పుడు కట్టకు ఎంతో చెబుతానన్నారు.